కృత్రిమ మేధయు ప్రజాసేవయు



2025 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు వాట్సాపు మూలమున "మన మిత్ర" యను పేర 161 సేవలను బ్రారంభించిరి. ఇట్టి మార్గమునకుఁ గృత్రిమ మేధ తోడైనచో నక్షరము రానివాఁడును నోటిమాటతో నర్జీ పెట్టుకొనఁగలఁడు. ఇది మేలు.

అయినను, తెలంగాణమునఁ గంప్యూటరు గణనమును నమ్మి, నోటీసు లేకయే రేషను కార్డులను దీసివేసిరని వ్యాజ్యము నడవఁగా, 2016 మొదలు రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రమున మరల విచారింపవలసినదని 2022లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. యంత్రము పట్టికలోని పేరును జూడఁగలదు గాని, పొయ్యి రాఁజని యింటిని జూడఁజాలదు.

కావున మన సంఘమువారు ప్రతిగ్రామమునను జదువుకొన్న యువజనులను నియమించి, యే కులమువారికైనను అర్జీలు పెట్టించి, త్రోసివేయఁబడిన ప్రతి యర్జీకిని గారణము నడిగించవలయునని ప్రార్థించుచు విరమించుచున్నాను.