మూత్రం ఆపుకోవద్దు



ఈ మాట ఎత్తడానికి అందరం సిగ్గుపడతాం. కాని మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలు బడి వదిలేదాకా నీళ్లే ముట్టరు. పెద్దాపురంలో బస్సెక్కి రాజమండ్రి పెళ్లికి వెళ్లే ఆడవాళ్లదీ ఇదే పద్ధతి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. ఆపుకుంటే క్రిములు పెరుగుతాయి. స్త్రీలకు మూత్రనాళం పొట్టి, సుమారు 4 సెంటీమీటర్లే, కనుక అవి త్వరగా పైకెక్కుతాయి.

మూడు నాలుగు గంటలకోసారి వెళ్లాలి, తొందరపడకూడదు. రంజానులో ఇఫ్తారు నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా నీళ్లు తాగండి. ఇక మన టీల సంగతి! పొద్దుపోయాక కూడా కప్పు మీద కప్పు తాగి, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నామంటే ఎవరి తప్పు? ఆకుకూరలు, జామకాయ తింటే మలబద్ధకం పోయి మూత్రాశయం మీద ఒత్తిడి తగ్గుతుంది.

దగ్గితే మూత్రం జారే తల్లులకు 1948లో అమెరికా డాక్టరు కెగెల్ ఒక వ్యాయామం చెప్పారు. మూత్రం ఆపేటప్పుడు బిగుసుకునే కండరాలను ఐదు సెకన్లు బిగించి వదలాలి. పదేసిసార్లు, రోజుకు మూడుమార్లు, మూడు నెలలు.

బార్లీనీళ్లు తాగండి, కాదనను. జ్వరమొచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ, కొళాయి పెట్టించే ఖర్చు ఈ ఏడు సంఘం పద్దులో రాయాలని పెద్దలను కోరుతున్నాను.