ఘబ్రాహట్ గుండెదా, నరాలదా?



మాకు వరసకు ఆపా అయ్యే ఒకామెను అర్ధరాత్రి మూడుసార్లు ఆటోలో బందరు తీసుకువెళ్ళాం. ఛాతీ పట్టేసి, ఊపిరాడక, చెమటలు పోసి, ప్రాణం పోతుందన్నంత భయం. ఇ.సి.జి. బాగానే ఉంది. "ఏమీ లేదు" అన్నారు. ఇంటికి రాగానే "నఖరాలు" అన్నారు బంధువులు. మేమూ లోలోపల అలాగే అనుకున్నాం, ఒప్పుకోవాలి.

గిలకలదిండి పడవ సముద్రంమీద ఉండగా తుపాను హెచ్చరిక వస్తే ఎవరికైనా గుండె దడే. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమవాళ్ళకు మరీను. అది జబ్బు కాదు. ఆకాశం తేటగా ఉండి, పడవ ఒడ్డునే ఉన్నా, ఆరునెలలుగా ఏదో ఒక దిగులుతో నిద్రపట్టక, ఒళ్ళు బిగుసుకొని, పని చెడుతుంటే అది జబ్బు.

మెదడులో నరకణాలు ఒకదానికొకటి అంటుకొని ఉండవు. మధ్యన మిల్లీమీటరులో సుమారు యాభైవేలవ వంతు సందు. కణంలో విద్యుత్తుగా వచ్చిన కబురు, సందు దగ్గర రసాయనమై దాటుతుంది, మన కృష్ణమీద పంటు దాటినట్లు. 1921లో ఆటో లోవీ దీన్ని కప్ప గుండెలతో రుజువుచేశాడు: ఒక గుండె నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవం రెండో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది! కొన్ని రసాయనాలు కణాన్ని ఉద్రేకపరుస్తాయి, గాబా అనేది శాంతింపజేస్తుంది. ఈ పొందిక చెడితే లేని ప్రమాదానికి గంట మోగుతుంది. మరి నఖరాలెక్కడివి?

ఆపాకు మానసిక వైద్యుని మందు, మాటలు కలిసి కొన్ని నెలలకు గుణమిచ్చాయి. దారి తెలియనివారు టెలీమానస్ 14416కు ఫోను చేయవచ్చు, ఉచితం. ఛాతీనొప్పి మొదటిసారి వస్తే మాత్రం ముందు గుండెకే చూపించండి.