పనికొచ్చే కారా? సరదా కారా?



ఇవాళ మనం పాతకారు కొనడం గురించి కాసేపు మాట్లాడుకుందాం. "కార్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా!" అని రేడియో కట్టేయకండి. కారు బేరమాడేది మగవాళ్ళే కావచ్చు. బేరం కుదిరాక దానితో కాపురం చేయవలసింది ఇంటిల్లిపాదీనూ. పిల్లల్ని బడి దగ్గర దింపాలన్నా, అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలన్నా, నెల సరుకులు ఇంటికి చేరాలన్నా ఆ కారే దిక్కు. పైగా పోసే డబ్బు ఇంటి డబ్బు. కాబట్టి ఇంటి పద్దు రాసే మనిషికి ఇందులో మాట ఉండి తీరాలి.

పాతకారు కొందామనుకున్న ఇంట్లో సాధారణంగా రెండు పార్టీలు లేస్తాయి. ఒక పార్టీ వారు, "నలుగురం హాయిగా కూర్చోవాలి, పెట్రోలు తక్కువ తాగాలి, రిపేరు ఊళ్ళోనే కావాలి, ఏ వ్యాగన్ ఆరో చూడండి" అంటారు. రెండో పార్టీ వారు, "బతుకంతా ఇలా లెక్కలేనా? ఒక థారో, జిప్సీయో, పోలోయో కొనుక్కుంటే నడుపుతూంటే ఆ మజాయే వేరు!" అంటారు. రెండో పార్టీలో ఇంటాయనా, కాలేజీ చదివే అబ్బాయీ ఉండటం మామూలే. అమ్మాయిలు కూడా ఈ మధ్య ఆ పార్టీలో చేరుతున్నారు. సంతోషమే.

ఒకప్పుడు ఈ తగవు లేదు. అంబాసిడరో ఫియట్టో, ఏది దొరికితే అదే మహాభాగ్యం. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకనే మధ్యతరగతి వాకిట్లో కారు కనిపించడం మొదలయింది. ఆ మారుతి 800 తయారీ, అంబాసిడరు తయారీ రెండూ 2014లో ఆగిపోయాయి. ఇప్పుడు రకాలు లెక్కకు మించి ఉన్నాయి. ఏదో ఒకటి దొరకడం కష్టం కాదు, ఉన్నవాటిలో ఒకటి ఏరుకోవడమే కష్టం.

మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసింది ఒకటి ఉంది. ఒకే డబ్బుకి ఈ రెండు రకాల కార్లూ ఒకే వయసువి రావు. మీ చేతిలో ఉన్న సొమ్ముకి చిన్న కారైతే మూడు నాలుగేళ్ళది వస్తే, జీపులాంటి సరదా బండి పది పన్నెండేళ్ళది వస్తుంది. అంటే మనం పోల్చవలసింది సరదానీ సౌకర్యాన్నీ మాత్రమే కాదు, పడుచు బండినీ పాత బండినీ కూడా. సొంత కారుకి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే. ఆ తర్వాత బండిని పరీక్ష చేయించి, రుసుములు కట్టి, అయిదేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోవాలి. పన్నెండేళ్ళ బండి కొంటే ఆ ముచ్చట మనకి మూడేళ్ళలోనే వస్తుంది.

సరే, మరి ఎంచుకోవడం ఎలా? నేను చెప్పే ఉపాయం చాలా చిన్నది. ఒక నోటు పుస్తకం తీసుకుని మూడు గళ్ళు గీయండి. ఒక నెల రోజులపాటు ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా మొదటి గడిలో ఊరో పేటో రాయండి. రెండో గడిలో ఎంతమంది, మూడో గడిలో ఎంత సామాను. ఆటోలో వెళ్ళినా, బస్సులో వెళ్ళినా, స్కూటరు మీద వెళ్ళినా అన్నీ రాయాల్సిందే. నెలాఖరున చూసుకుంటే ఇరవై అయిదు రోజులు పది కిలోమీటర్ల లోపు ప్రయాణాలే తేలాయనుకోండి. బడి, కూరల బజారు, ఆస్పత్రి, ట్యూషను. ఒక్కసారి శ్రీశైలమో, అరకో, తిరుపతో. ఇప్పుడు చెప్పండి, కారు ఆ ఇరవై అయిదు రోజుల కోసమా, ఆ ఒక్క ప్రయాణం కోసమా? పెళ్ళికి కట్టే పట్టుచీర అందమే. కానీ అది కట్టుకుని రోజూ వంటింట్లోకి వెళ్ళం కదా! ఏడాదికి రెండుసార్లు ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఆ రెండు రోజులూ బండి అద్దెకు తీసుకోవచ్చు. రోజూ బడికి వెళ్ళడానికి తీసుకోలేం.

తరువాత కొలతలు. డిక్కీ ఎంత పడుతుందో లీటర్లలో చెబుతారు. 2019లో వచ్చిన వ్యాగన్ ఆర్‌లో 341 లీటర్లు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో 268. స్విఫ్ట్ నడపడానికి హుషారైన బండి, కానీ ఊరికి వెళ్ళేటప్పుడు ఒక పెట్టె ఎవరో ఒళ్ళో పెట్టుకోవాలి. 2020కి ముందు వచ్చిన పాత థార్ రకాల్లో వెనక ఎదురెదురుగా బెంచీ సీట్లుండేవి. తరువాతి రెండు తలుపుల థార్‌లో వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటు వంచి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని ఒకసారి ఎక్కమని చూడండి. ఆవిడ మర్యాదకి "బాగానే ఉందమ్మా" అంటారు. ఆ తరువాత గుడికి పిలిస్తే "నేను రాలేనులే, మీరు వెళ్ళిరండి" అంటారు. పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టే కారు ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఇక అసలు సంగతికి వస్తాను. "సరదా" అంటున్నాం, ఆ సరదా ఎవరిది? "పని" అంటున్నాం, ఆ పని ఎవరిది? సరదా ఒకరిదీ, పనులన్నీ మరొకరివీ అయితే ఆ కారు ఇంట్లో పోట్లాటకి మూలమవుతుంది.

మనలో చాలామందికి డ్రైవింగు లైసెన్సు ఉంది. అది బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. ఎందుకు? ఇంట్లో ఉన్న కారు మన చేతికి ఒదగలేదు కాబట్టి. సీటు ఎత్తు చాలదు, క్లచ్చి గట్టిగా ఉంటుంది, వెనకవైపు ఏమీ కనబడదు. అపార్టుమెంటులో రెండు స్తంభాల మధ్యకి రివర్సు చేయాలంటే గుండె దడ. ఒకసారి భయం పట్టుకుంటే తాళాలు ఇంటాయన చేతికి వెళ్ళిపోతాయి. మళ్ళీ మనం "ఏవండీ, సాయంత్రం తొందరగా వస్తారా?" అని అడుగుతూ కూర్చోవడమే.

అందువల్ల "పనికొచ్చే కారు" అంటే నలుగురిని మోసే కారని మాత్రమే అర్థం చెప్పుకోకండి. ఇంట్లో మీరు ఎవరినీ బతిమాలకుండా తాళం తీసుకుని బయటికి వెళ్ళగలిగే కారు ఏదో అదే పనికొచ్చే కారు. ఒక్కరే బయలుదేరి పుట్టింటికి వెళ్ళి, అమ్మని పలకరించి, చీకటి పడేలోగా ఇంటికి రావడంలో ఉన్న సరదా జీపు ఎక్కి కొండలెక్కడంలో ఉన్న సరదాకి ఏమాత్రం తీసిపోదు. చూడటానికి డబ్బాలా ఉన్న కారు కూడా మీకు ఆ స్వేచ్ఛ ఇస్తే అదే మీ సరదా కారు.

అలాగని సరదాని నేను తీసిపారెయ్యను. నడపడం ఇష్టమైన మనిషికి మంచి స్టీరింగూ, చురుకైన ఇంజనూ ఇచ్చే ఆనందం నిజమైనదే. అది మగవాళ్ళ సొత్తు కూడా కాదు. ఇంట్లో నడిపే మనిషి మీరే అయి, ఆ బండి మీకే నచ్చితే సిగ్గుపడవలసిందేమీ లేదు. నిజానికి సరదా తీర్చుకోవడానికి పాతకారే మంచి దారి. బీమా కంపెనీలు కారు విలువ కట్టే పట్టికలో మూడో ఏట 30 శాతం, అయిదో ఏట 50 శాతం తరుగు తీస్తారు. బజారు ధర అచ్చంగా అలాగే ఉండకపోయినా, ఆ తరుగు బరువు చాలావరకు మొదటి యజమాని మోశాడన్నమాట. పనికి వేరే బండి ఉండి, అప్పు చేయకుండా కొనగలిగితే, కొన్న ధరలో అయిదో వంతు రిపేర్లకని విడిగా పక్కన పెట్టగలిగితే, సరదా బండి కొనుక్కోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సరదా వాయిదా వెయ్యడమే మేలు.

ఎంచుకున్నాక పరీక్ష చేయాలి. వంకాయ కొనేటప్పుడు అటూ ఇటూ తిప్పి పుచ్చు చూడకుండా సంచిలో వెయ్యం కదా! సరదా బండిని ముందు యజమాని కూడా సరదాకే కొన్నాడని గుర్తుంచుకోండి. అతను దాన్ని నెమ్మదిగా నడిపి ఉండడు. కింద రాళ్ళు తగిలిన గుర్తులు, మార్చిన సైలెన్సరు, అదనంగా వేసిన లైట్ల తీగలు చూడండి. పనికొచ్చే కారుకి వేరే గండం. అది మొదట టాక్సీగా తిరిగి, తరువాత సొంత బండిగా మారిందేమో ఆర్.సి. వివరాల్లో కనుక్కోవాలి.

మెకానిక్కు లేకుండా మనమే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి వినండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారయిందని అర్థం. కారు తక్కువ తిరిగిందని చెప్పి, టైర్లు మాత్రం కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి. మట్టి చార కనిపిస్తే, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉంటే, ఆ కారు నీళ్ళలో మునిగిందని అనుమానించాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బెజవాడలోనూ వరదల్లో ఎన్ని కార్లు మునిగాయో మనకి తెలుసు. వాటిలో కొన్ని తళతళలాడుతూ మళ్ళీ బజారుకి వచ్చే ఉంటాయి.

విడిభాగాల సంగతీ విచారించాలి. ఫోర్డు కంపెనీ మన దేశంలో కార్ల తయారీ మానుకుంటున్నట్టు 2021లో ప్రకటించింది. పోలో తయారీ 2022లో ఆగింది. అవి చెడ్డ కార్లని కాదు. కానీ కొనేముందే మీ పేటలోని మెకానిక్కుని, "దీని హెడ్‌లైటు పగిలితే ఎంతవుతుంది, ఎన్నాళ్ళకి వస్తుంది?" అని అడగండి. ఆయన తల గోక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకొక్క మాట, ఇది మన ప్రాణానికి సంబంధించింది. డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. పక్క సీటుకి, అంటే ఎక్కువగా మనం కూర్చునే సీటుకి, అన్ని కార్లలోనూ తప్పనిసరి అయింది 2021 చివర్లోనే. అంతకు ముందు కార్లలో ఖరీదైన రకాలకి ఉండవచ్చు, చవక రకాలకి ఉండకపోవచ్చు. కాబట్టి "నా సీటుకి ఉందా?" అని నోరు తెరిచి అడగండి. ఉన్నా లేకపోయినా పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో మాత్రం కూర్చోకండి.

చివరగా కాగితాలు. డబ్బిచ్చి తాళాలు తీసుకోగానే పని అయిపోదు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్.టి.ఏ.కి తెలియజేయాలి. 29, 30 నంబర్ల ఫారాలు ఇందుకే. కారు మీద అప్పుండి తీరిపోయి ఉంటే 35వ ఫారం అడగండి. హైదరాబాదు కారు బెజవాడకి తెచ్చి అక్కడే ఉంచుకుంటే నిరభ్యంతర పత్రం, అక్కడి జీవితకాల పన్ను కూడా లెక్కలో వేసుకోవాలి. బీమా పేరు మార్పుకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని ప్రమాదాలు చేయనందుకు వచ్చే తగ్గింపు ఆయనదే, మనకి రాదు. అందుచేత ప్రీమియం కొంచెం పెరుగుతుంది. మన కారు అమ్మేటప్పుడు కూడా ఈ శ్రద్ధ అవసరం. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

మరి ఇక కొనేముందు ఆఖరి పరీక్ష. ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి "బాగుంది" అనెయ్యకండి. ఆ కారుని మీ సందులోకే తెప్పించండి. మీరే నడపండి, మీ స్తంభాల మధ్యనే నిలపండి. అత్తగారిని రెండుసార్లు ఎక్కించి దింపండి. ఆ తరువాత నోటు పుస్తకం మధ్యలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఎవరి సరదా ఎంత, ఎవరి పని ఎంత అన్నది ఆ పేజీలే చెబుతాయి. అబ్బాయి కోరిక కాదన్నా ఎందుకు కాదన్నారో వాడికి తెలుస్తుంది. మీ మాట నెగ్గినా అది పంతం వల్ల నెగ్గిందని ఎవరూ అనరు.

ఏ కారు కొన్నా సరే, రెండో తాళం చెవి మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. ఆ బీరువాలో లైసెన్సు బయటికి తీయండి. సెలవు.