13 వారాల నర్సు ఉద్యోగం



అమెరికాలో ‘ట్రావెల్ నర్సు’ అనే ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని, డాక్టర్ని కాను. అయితే నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి అక్కడ కాన్పుల వార్డులో ఈ పనే చేస్తున్నది. ఆమె చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ మీ ముందుంచుతాను. మన ఇళ్లలో నర్సింగు చదివే ఆడపిల్లలున్నారు గనుక వినవలసిన సంగతే.

అక్కడ ఆస్పత్రిలో నర్సులు చాలకపోతే ఏజెన్సీ ద్వారా కొద్దికాలానికి ఒకరిని పిలిపించుకుంటారు. ఒప్పందం మామూలుగా 13 వారాలు. వారానికి మూడు డ్యూటీలు, ఒక్కొక్కటి 12 గంటలు. గడువు తీరగానే పెట్టె సర్దుకుని ఇంకో ఊరు. 40కి పైగా రాష్ట్రాలు ఒకరి లైసెన్సును మరొకరు ఒప్పుకునేట్టు ఒడంబడిక చేసుకున్నాయి. కాలిఫోర్నియా అందులో లేదు.

కష్టమంతా మొదటి రోజునే. సొంత సిబ్బందికి వారాల తరబడి పని చూపిస్తారు, ఈమెకు ఒకటి రెండు డ్యూటీలే. అందుకే ఆ అమ్మాయి వార్డులో అడుగు పెట్టగానే మూడు సంగతులు అడుగుతుందట: రక్తస్రావం ఆపే మందుల బండి ఎక్కడుంది, రక్తం కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, అర్ధరాత్రి ఆపరేషన్ అంటే డాక్టరు ఎంతసేపట్లో వస్తారు. కాన్పులో ప్రమాదం చెప్పి రాదు గదా! కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. తెర మీద ఆ గీతను రాత్రంతా కనిపెట్టి ఉండాలి. కాన్పయ్యాక తడిసిన గుడ్డల్ని తూచి, పొడిగుడ్డ బరువు తీసేసి, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున పోయిన రక్తం లెక్క కడతారు. మన పాతకాలపు దాయీలు ఈ తూకం చూస్తే నవ్వేవాళ్లేమో! కానీ ఎక్కువ రక్తం పోయినప్పుడు కంటికి తక్కువగానే కనిపిస్తుంది. లెక్క 1000 మిల్లీలీటర్లకు చేరిందంటే అందరూ పరుగెత్తవలసిందే.

డబ్బు మాట. 2020, 2021 కోవిడ్ రోజుల్లో జీతాలు బాగా పెరిగి, తర్వాత దిగివచ్చాయి. కాన్పులు తక్కువున్న రోజు డ్యూటీ రద్దు చేసి ఇంటికి పంపడమూ ఉంది. ఎన్ని గంటలకు హామీ ఇచ్చారో కాగితంలో చూసుకోవాలి.

తల్లిదండ్రులు నన్నడిగేది వేరు. “ఆడపిల్ల ఒంటరిగా, రాత్రి డ్యూటీలా మాస్టర్ సాబ్?” అంటారు. మన ఇంటి కోడలికి నొప్పులొస్తే లేడీ నర్సే కావాలని పట్టుబడతాం. ఆ నర్సు ఎవరింటి ఆడపిల్ల? రాత్రి పుట్టే బిడ్డకు పగటి నర్సు ఎలా వస్తుంది?

పోతే, ఇక్కడినుంచి తిన్నగా ట్రావెల్ నర్సుగా వెళ్లడం కుదరదు. ఎన్‌క్లెక్స్ పరీక్ష ప్యాసు కావాలి, అది హైదరాబాదులోనే రాయవచ్చు. వీసాకు ఏళ్లు పడుతుంది. ముందు ఒకేచోట ఉద్యోగం చేయాలి. కాన్పుల వార్డులో ఒకటి రెండేళ్ల అనుభవం లేనిదే ఏజెన్సీలు సాధారణంగా తీసుకోవు. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే ఏజెంట్లున్నారు. అలాంటి కాగితం వస్తే సంతకానికి ముందే తీసుకురండి, ఇంగ్లీషు బాగా తెలిసిన మన సభ్యులతో కూర్చుని చదివిద్దాం. ఆదివారాలు నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను.