ఆటల గదికి ఆరు కట్టుబాట్లు



మీరిచ్చిన సొమ్ముతో ఈ ఏడాది మూడేళ్లలోపు పిల్లల కోసం వారానికి రెండు రోజులు ఆటల గది నడిపాం. ఇక్కడ బిడ్డను వదిలి వెళ్లడం ఉండదు. పెంచే మనిషి కూడా పక్కన కూర్చుని ఆడించాలి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకం కింద అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు ఉంది. అంతకంటే చిన్నవాళ్లు తల్లితో కలిసి ఆడుకునే చోటు మన పేటలో లేదు. ఆ లోటు తీర్చాలనే ఈ ప్రయత్నం.

మొదట మా పొరపాటు చెప్పుకోవాలి. కమిటీలో మగవాళ్లం నలుగురం కూర్చుని పన్నెండు నియమాలు రాసి గోడకు అంటించాం. ఉదయం పది గంటలకే రావాలి, తల్లే తీసుకురావాలి, ఆలస్యమైతే రానివ్వం అన్నాం. ఫిబ్రవరి వచ్చేసరికి గది సగం ఖాళీ అయింది. మిర్చి కోతలు మరి! తల్లులు తెల్లవారకముందే ఆటో ఎక్కి చేలకు పోతున్నారు. కొందరు తొడిమలు తీసే పనికి పోతున్నారు. ఎవరి కోసం గది పెట్టామో వాళ్లనే మా నియమాలు బయట నిలబెట్టాయి.

అప్పుడు ఆ తల్లులనే కూర్చోబెట్టి అడిగాం. గోడమీది కాగితం తీసేశాం. వేళ అసర్ నమాజు తరువాతకు మార్చాం. చదువు రానివారికీ గుర్తుండేలా ఇప్పుడు ఆరే కట్టుబాట్లు, అవీ ప్రతిసారీ నోటితో చెప్పుకుంటాం.

ఒకటి: తల్లి, తండ్రి, నానీ, దాదీ ఎవరైనా సరే, బిడ్డకొక పెద్దమనిషి చివరిదాకా ఉండాలి.

రెండు: మిర్చి పనినుంచి వచ్చినవారు ముందు చేతులకు నూనె రాసుకుని, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. ఆ ఘాటు వట్టి నీళ్లకు పోదు. పైబట్ట కూడా మార్చుకోవాలి. ఒక పాప కళ్లు మండి అరగంట ఏడ్చాక మాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

మూడు: పురుగుమందు డబ్బాలు, మూతలు కడిగినవైనా ఆటవస్తువులుగా తేకూడదు.

నాలుగు: వేరుశనగ గింజలు, శనగలు తేకూడదు. గొంతులో అడ్డుపడతాయి.

అయిదు: తన బిడ్డనైనా, పరాయి బిడ్డనైనా కొట్టకూడదు. బొమ్మ కోసం పిల్లలు పెనుగులాడితే విడదీయాలి గానీ పెద్దలు మాటలు పెంచుకోకూడదు. ఏడ్చే బిడ్డను బయటికి పంపం. నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ప్రవక్త (స) తల్లి బాధ తలచి నమాజును క్లుప్తం చేసేవారని హదీసుల్లో విన్నాం కదా!

ఆరోది మీకూ మాకూ కూడా: ఫొటోలు తీయకూడదు. పాలగ్లాసు అందుకుంటున్న ఫొటో నలుగురి ఫోన్లలో తిరిగిందని ఒక తల్లి రావడం మానేసింది. తప్పు మాదే. ఇంటికెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె ఇంకా రాలేదు. గుప్తదానం విలువ మీకు మేము చెప్పేది కాదు. అందుకే ఈ సంచికలో ఆటల గది బొమ్మ ఒక్కటీ వేయలేదు. చూడాలనిపిస్తే మీ మనవణ్ణో మనవరాలినో వెంటబెట్టుకుని రండి, చాపమీద మాతోపాటు కూర్చోండి.

మీ సొమ్ము చాపలకు, చెక్కబొమ్మలకు, పాలకు, నూనెకు, సబ్బుకు ఖర్చయింది. చూపించడానికి కట్టడం ఏమీ లేదు. కోతల కాలంలో కూడా గది నిండుతోంది, అదే మా లెక్క. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.