రాసే స్త్రీలు ఎట్లా బతికారు?

(దుబ్బాకలో బీడీ కార్మిక, చేనేత కుటుంబాల స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమకాలీన రచయిత్రుల జీవితాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇటువంటి సభల్లో మనం సాధారణంగా పుస్తకాల గురించి మాట్లాడతాం. ఫలానా కథలో పితృస్వామ్యం ఎట్లా కనబడుతుంది, ఫలానా కవితలో ధిక్కారం ఎంత ఉంది అని. అదీ అవసరమే. కానీ పొద్దున ఇక్కడ చాయ్ తాగుతుంటే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒక అక్క అడిగిన ప్రశ్న వేరు. "రాస్తే ఎంతిస్తరమ్మా? మాకు లెక్క వెయ్యికింతని ఉంటది. మీకు గూడ అట్లనేనా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత చూస్తే, ముప్ఫయ్యేళ్లుగా సాహిత్య సభలకు తిరుగుతున్న నన్ను ఈ మాట ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అందుకని రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి ఆ అక్కకే జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు ఒక సంగతి. తెలుగులో మనకు పేరు తెలిసిన రచయిత్రుల్లో రాతమీదే బతికినవాళ్లు చాలా కొద్దిమంది. ఓల్గా తెనాలిలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ 1973 నుంచి 1986 దాకా గడిపారు. ఆ తర్వాతనే హైదరాబాదు, సంస్థల పని. పి. సత్యవతి విజయవాడలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేశారు. అబ్బూరి ఛాయాదేవి ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉద్యోగం చేశారు. జూపాక సుభద్ర సచివాలయంలో ఉద్యోగం చేశారు. గోగు శ్యామల అన్వేషి పరిశోధన కేంద్రంలో పనిచేశారు. అందరికీ నెల తిరిగేసరికి ఎంతో కొంత జీతం. ఆ జీతమే కాగితం కొన్నది, కలం కొన్నది, చాలాసార్లు పుస్తకం అచ్చుకు కూడా అదే పెట్టుబడి. ఛాయాదేవికి 2005లో 'తన మార్గం' కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఓల్గాకు 2015లో 'విముక్త'కు వచ్చింది. అవార్డు ఒకసారి వస్తుంది. పాలవాడు నెలనెలా వస్తాడు.

మరి జీతం లేనివాళ్లు? వాళ్లు మన జాబితాలోకే రాలేదు. కూలికి పోయే స్త్రీ, బీడీలు చుట్టే స్త్రీ, మగ్గం పక్కన కూచుని కండెలు చుట్టే స్త్రీ రాయలేక రాలేదా, చెప్పడానికి ఏమీ లేక రాలేదా? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూచుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి అచ్చు వేశారు. పెద్ద చదువు లేనివాళ్లు కూడా ఎంత చెప్పారు! మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' కూడా ఆమె చెబుతుంటే ఇంకొకరు రాసిందే. అది 2019లో వచ్చింది.

డబ్బు వచ్చిన కాలం కూడా ఒకటి ఉంది. 1960, 70లలో వారపత్రికల్లో సీరియళ్లు రాసిన రచయిత్రులకు మంచి పారితోషికాలే ముట్టాయి. యద్దనపూడి సులోచనారాణి నవల కోసం పాఠకులు పత్రికాఫీసుకు ఉత్తరాలు రాసిన రోజులవి. మగవాళ్లు ఆడవాళ్ల పేర్లు పెట్టుకుని రాశారంటే ఆ గిరాకీ ఎంతో ఊహించండి. మేము ఉద్యమంలో ఉన్నవాళ్లం ఆ నవలలను చాలా వెక్కిరించాం. ఆరడుగుల కథానాయకులను, పెద్ద కార్లను వెక్కిరించాం. ఆ విమర్శ నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఇల్లు కదలకుండా ఒక స్త్రీ తన కలంతో సంపాదించడమనే విషయాన్ని మేము చూడనే లేదు. అది మా తప్పు.

దళిత రచయిత్రుల సంగతి ఇంకా వేరు. వాళ్లకు పారితోషికం కంటే ముందు, రాసినట్టు ఒప్పించుకోవడమే పెద్ద పని. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చేదాకా, 1921 నుంచే దళిత స్త్రీలు తెలుగులో రాస్తున్నారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? శ్యామల పెద్దేముల్‌లో వ్యవసాయ కూలీల ఇంట పుట్టారు. తన కథల పుస్తకానికి ఒక సామెతనే పేరుగా పెట్టుకున్నారు: 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం'. పట్నంలో ఈ పేరు చెబితే ఏకులంటే ఏమిటని అడుగుతారు. ఇక్కడ అడగరు. రాట్నం ముందు ఏకుల బుట్ట ఎంత చిన్నదో ఇక్కడి ముసలమ్మలకు తెలుసు. ఈ పేరు నేను చెప్పగానే వెనక వరసలో ఇద్దరు నవ్వడం చూశాను. నగరంలో ఏ విమర్శకుడూ ఆ పుస్తకం పేరుకు అట్లా నవ్వలేదు.

జూపాక సుభద్ర 'కొంగు' మీద రాసిన కవిత కూడా అటువంటిదే. కొంగు అంటే సిగ్గుకు గుర్తు అని చదువుకున్న స్త్రీలు రాసుకుంటుంటే, పని చేసే స్త్రీకి అది పనిముట్టు అని ఆమె చెప్పింది. షాజహానా 2005లో 'నఖాబ్' తెచ్చినప్పుడు ముస్లిం స్త్రీ బతుకు లోపలినుంచి మాట్లాడింది. వీళ్లు రాకముందు మనం 'స్త్రీ' అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లం.

బయటి దేశాల్లో ఎట్లా ఉంది అని ఒక చెల్లెలు అడిగింది. అర్జెంటీనా సంగతి చెబుతాను, అక్కడి రచయిత్రుల పుస్తకాలు ఈ మధ్య ఇంగ్లీషులో దొరుకుతున్నాయి. డోలోరెస్ రేయెస్ అని ఒకామె ఉంది. బడిపంతులమ్మ, ఏడుగురు పిల్లల తల్లి. 2019లో 'కోమెతియెర్రా' అనే నవల రాసింది. మట్టి తింటే తప్పిపోయిన స్త్రీలు ఏమయ్యారో కళ్లకు కట్టే ఒక పిల్ల కథ అది. తను పాఠాలు చెప్పే బడి దగ్గరి స్మశానంలో, హత్యకు గురైన ఇద్దరు అమ్మాయిల సమాధులున్నాయి. పుస్తకం వాళ్లకే అంకితం ఇచ్చింది. 2024లో ఆ పుస్తకం బడుల్లో ఉండకూడదని పెద్ద గొడవ జరిగింది. అప్పుడు బ్యూనస్ ఐరిస్‌లో తోటి రచయితలు ఒక నాటకశాలలో చేరి ఆ నవలను గొంతెత్తి చదివారు. అంతకుముందు 2015 మార్చిలో కూడా స్త్రీల హత్యల మీద రచయిత్రులు, పాత్రికేయులు కలిసి చదివారు. ఆ చదువులోంచే 'ఇంకొక్కరు కూడా తగ్గకూడదు' అనే ఉద్యమం పుట్టి జూన్ 3న లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. అక్కడ కూడా చాలామంది వేరే పని చేసుకుంటూనే రాస్తారు. తేడా ఎక్కడంటే, ఒకామె పుస్తకం మీదికి వస్తే మిగతావాళ్లు తమదిగా పట్టుకున్నారు.

చదవడం అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. కేరళలో కన్నూరు వైపు బీడీ కార్ఖానాల్లో ఒకరు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టేవారు. చదివేవాని వాటా బీడీలు అందరూ కలిసి చుట్టి ఇచ్చేవారు. చదివినందుకు కూలి అన్నమాట! మనకు బీడీ పని ఇంటింటికీ చీలిపోయింది. ఒకరు చదివితే వినడానికి నలుగురు ఒక్కచోట లేరు.

ఇక హక్కుల మాట. నా కథ ఒకటి ఒక సంకలనంలో నన్నడగకుండానే అచ్చయింది. పుస్తకం అంగట్లో చూసి తెలిసింది. ఉత్తరం రాస్తే, "మీకు పేరు రావాలనే కదా వేశాం" అన్నారు. ఆ రోజుల్లో నాకు చట్టం తెలియదు, ఊరుకున్నాను. మీరు ఊరుకోనక్కర లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లదే మొదటి హక్కు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు మీరు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు మీ వారసులకు ఉంటుంది. హక్కులు ఇంకొకరికి ఇస్తే అది రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎంతకాలమో కాగితంలో రాయకపోతే అయిదేళ్లే అని చట్టం అంటుంది. హక్కులన్నీ అమ్ముకున్నా 'ఇది నేను రాసింది' అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మీ దగ్గరే ఉంటుంది. సంస్థల్లో పనిచేసే చెల్లెళ్లు ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఊళ్లలో స్త్రీల దగ్గర పాటలు, కథలు రికార్డు చేసుకుని నివేదికల్లో 'ఒక గ్రామీణ మహిళ' అని రాసేది మనమే.

ఎందుకు చెబుతున్నానంటే, పొద్దున ప్రశ్న అడిగిన అక్క దగ్గర ఒక పాట ఉంది. బీడీల మీద తనే కట్టింది. బతుకమ్మ ఆటలో పాడితే ఎవరో ఫోనులో తీసుకుపోయారట, ఇప్పుడు వేరే గొంతుతో తిరుగుతోంది. తాతల నాటి పాట అయితే అది అందరిదీ. ఈమె కట్టింది ఈమెది. నోటి మాటగా ఉంటే రుజువు చేయడం కష్టం కనుక, ఆమె చెబుతుంటే నేను కాగితం మీద రాశాను. తేదీ వేశాను. విన్నవాళ్లు ఇద్దరు సంతకాలు పెట్టారు. కింద పేరు రాయమంటే అక్క ఆగింది. "ఇంటిపేరు ఏది పెట్టాలె? మా అవ్వగారిదా, అత్తగారిదా?" అంది. నీ ఇష్టం అన్నాను. కాగితం ఆమె దగ్గరే ఉంది. పేరు రాసేచోటు ఇంకా ఖాళీగా ఉంది. మధ్యాహ్నం దాకా టైమియ్యమంది.