రూపాయికి 8 పైసలు మనవే, గ్రంథాలయమూ మనదే

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)





2014 జూన్ 2న మన రాష్ట్రం మనకొచ్చింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా అయింది. ఇందూరు దాకా పోయే తిప్పలు తప్పినయని అందరం సంబురపడ్డాం. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. మరి పుస్తకం దగ్గరికొచ్చిందా? గాంధారి, లింగంపేట తండాల్లో పది పాసైన పిల్లకు పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఒక్కటన్నా చేతికందుతున్నదా? ఈ ప్రశ్న అడిగేందుకే మనం ఇక్కడ కూడినం.

తెలంగాణ ఉద్యమాల పుట్టుక ఎక్కడ అని వెతికితే తొవ్వ గ్రంథాలయానికే పోతది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టినయి. తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసిన కాలమది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నెత్తిన కూర్చున్న కాలమది. అటువంటి రోజుల్లో నలుగురు కూడి మాట్లాడుకునే చోటు పఠనాలయమే అయింది. ఆ సోయి నుంచే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1937లో ఆ సభ మన ఇందూరుకే వచ్చింది.

వట్టికోట ఆళ్వారుస్వామిని యాది చేసుకోకుండా ఈ ముచ్చట పూర్తి కాదు. పెద్ద చదువులు లేని మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మిండు. ఇందూరు ఖిల్లా జైలులో దాశరథితో పాటు బందీగా ఉన్నడు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోవాలని ఆయన చేసి చూపిండు.

మొన్నటి ఉద్యమమూ చదువుతోనే నిలబడ్డది. పెద్దమనుషుల ఒప్పందం, ఫజల్ అలీ కమిషన్ నివేదిక, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 నాటి 610 జీవో, గిర్‌గ్లానీ కమిషన్ నివేదిక. వీటిని చదివి, లెక్క తీసి, ఊరూరా చెప్పింది ఉద్యోగులు, టీచర్లు, విద్యార్థులు. జయశంకర్ సార్ చేతిలో ఆయుధం అంకెలే గదా! 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచిందంటే, ఎందుకు కొట్లాడుతున్నమో జనానికి తెలిసినందుకే నడిచింది.

ఆ కాయితాలు ఇయ్యాల ఎక్కడున్నయి? నాటి కరపత్రాలు, ధూంధాం పాటల క్యాసెట్లు, ఉద్యమ పత్రికల పాత సంచికలు అటకల మీద చెదలు పడుతున్నయి. రేపటి పిల్లలకు మన చరిత్ర ఎవరు చెప్పాలె? చిత్తు కాయితాల దుకాణమా?

ఇగ పైసల ముచ్చట. గ్రంథాలయం సర్కారు దయ కాదు. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నం. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు పుస్తకాల కోసం కట్టినట్టే. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలె. ఎంత వసూలైంది, ఎంత జమైంది, ఎంత పెట్టి పుస్తకాలు కొన్నరు? 2005 సమాచార హక్కు చట్టం చేతిలో ఉన్నది. దరఖాస్తు పెట్టి అడుగుదాం. నిధుల కోసం ఢిల్లీని నిలదీసిన వాళ్లం, మన పంచాయతీని లెక్క అడగలేమా?

గ్రంథాలయం అంటే ఇయ్యాల గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షల పిల్లలు కూసునే జాగ అయింది. కావలసిందే. వాళ్లకు కుర్చీ, ఫ్యాను, తాజా పుస్తకం ఇవ్వాల్సిందే. నియామకాల కోసమే గదా కొట్లాడినం. కానీ అక్కడితో ఆగొద్దు. రంగనాథన్ 1931లో రాసిన ఐదు సూత్రాల సారం ఒక్కటే: ప్రతి పాఠకుడికి తన పుస్తకం దొరకాలె.

దుబాయి పోయే తమ్ముడు ఏజెంటు రిజిస్టర్ అయినోడో కాదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవడానికి గ్రంథాలయంలో ఒక కంప్యూటర్, చెప్పే మనిషి ఉంటే అప్పుల పాలు కాకుండా ఒక ఇల్లు బతుకుతది. బీడీలు చుట్టే అక్కకు పీఎఫ్ కాయితం చదివిపెట్టే చోటు కావాలె. మక్క, వరి రైతుకు పంట తెగుళ్ల పుస్తకం కావాలె. ఇవి జరిగిన నాడు గ్రంథాలయం మూతపడుతుందంటే ఊరంతా అడ్డం నిలబడతది.

అందుకే మన కోరికలు నాలుగు. ఒకటి, సెస్సు బకాయిలు ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలె. రెండు, కూలీలు, ఆడవాళ్లు రాగలిగే వేళల్లో గ్రంథాలయం తెరవాలె. మూడు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి తండాలకు పుస్తకాల పెట్టెలు తిరగాలె. నాలుగు, రెండు చోట్లా తెలంగాణ అర ఒకటి ఉండాలె. అందులో ఉద్యమ కాయితాలతో పాటు నిజాంసాగర్ కింద మునిగిన ఊర్ల ముచ్చట, దోమకొండ సంస్థానం చరిత్ర, ముసలోళ్ల నోట ఉన్న పాటలు చేరాలె.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకొని కూసోవద్దు. 1945లో కేరళలో పణిక్కర్ 47 గ్రంథాలయాలను ఒక్కతాటి మీదికి తెచ్చి సంఘం కట్టిండు. ఊరోళ్లు సభ్యులై నడుపుకున్నరు గనుకనే అక్కడ అవి నిలిచినయి. ఉద్యోగ మిత్రులు నెలకొక పుస్తకం ఇద్దాం. విద్యార్థులు వారానికొక సాయంత్రం ఇద్దాం. అటకల మీది సంచికలు దింపి, దుమ్ము దులిపి, వచ్చే ఆదివారం గ్రంథాలయానికి తెద్దాం. తెచ్చిన ప్రతి కాయితానికి రిజిస్టర్‌లో పద్దు రాయించుకుందాం.

రాష్ట్రం తెచ్చుకున్నం. ఎట్ల తెచ్చుకున్నమో చదివే తరాన్ని తయారు చేసుకుందాం.

జై తెలంగాణ!